ఎంకయ్య సంవత్సరీకం పేజీలో పెద్ద కొడుకు చోటు

ఇబ్రహీంపట్నం,
4 మార్చి 2025, మంగళవారం

బావకు,

పొద్దుటి నుంచే ఎండ. గాలి లేదు. షట్టరు పట్టేస్తుంటే పట్టాలకు నూనె పెట్టాను. ఇప్పుడు ఒంటి చేత్తో లేస్తోంది.

మీ నాన్న ఎంకయ్య మామ సంవత్సరీకం పిలుపు తయారైంది. కార్డు కాదు, ఫోన్లో తెరుచుకునే పేజీ. బొంగులూరులో ఎవరిదో గృహప్రవేశం పిలుపు అలా వచ్చిందట. మీ అన్న మల్లేశయ్య షాపుకు వచ్చి, “కార్డులు పంచి పంచి చెప్పులు అరిగినయ్ తమ్మీ. గట్ల ఫోన్ల కొట్టు. చుట్టాలందరికి ఒక్కపారె పోవాలె” అన్నాడు.

ఫ్లెక్సీలు, జెరాక్సుల మధ్యే ఈ పని నేర్చుకున్నాను. నేర్పినవాళ్లు లేరు. ఒక మాట మార్చడం, తెర మీద ఏది కదిలిందో చూడడం, మళ్లీ మార్చడం. పేజీలో ఏది ఎంత ఎత్తున ఉండాలో సిఎస్ఎస్ అనే రాతతో చెప్పాలి. మనం చెప్పినట్టు వింటుంది గానీ మనం అనుకున్నట్టు వినదు.

అన్నిటికన్నా పైన మామ ఫోటో పెట్టి, చుట్టూ బంతిపూల అంచు వేశాను. దాని కింద మీరిద్దరూ పక్కపక్కన. ఫ్లెక్సీల్లో ఎప్పుడూ చేసినట్టే పెద్దవాడిని కుడి వైపున, నిన్ను ఎడమ వైపున పెట్టాను. ఆ కింద ‘మా తండ్రి ఎంకయ్య గారు’ అని ఒక వరుస, ‘స్వర్గస్థులైన సందర్భంగా’ అని ఇంకో వరుస, ఇరవై మూడో తేదీ ఆదివారం అని, భోజనాల వేళ, మీ ఊరు మంచాలకు దారి చూపే మ్యాపు. కంప్యూటర్‌లో చాలా నిండుగా ఉంది.

నీకు ఫోన్ చేస్తే సరిగా వినబడక స్పీకర్ పెడతావు. గోడ అవతలే మల్లేశన్న ఇల్లు. అందుకని ఈ ఉత్తరాన్ని కిష్టా పాల ఆటోలో పంపుతున్నాను. నీది బటన్ ఫోను కనుక పేజీ చూడలేవు. అందుకే ఇంత వివరంగా రాశాను. టమాటా పూత ఎలా ఉందో రాయి. అరుణక్కను అడిగానని చెప్పు.

ఎవరో ఆధార్ జెరాక్సు కోసం వచ్చారు, ఉంటాను.
నీ బామ్మర్ది పరశురాం


మంచాల,
7 మార్చి

పరశురాంకు హన్మంత్ బావ రాసేది.

నువ్వు పుస్తకం లెక్క రాస్తవ్. నాకు మాట్లాడినట్టె రాయొస్తది. గట్లనె సదువుకో.

పూత మంచిగుండె. ఉండె అంటున్న, ఇప్పుడు లేదు. నీకు తెలిసిందే గద, మా ఇద్దరన్నదమ్ములకు ఒక్కటే బోరు. బాపు ఏపిచ్చింది. పొద్దుగాల అన్న వంతు, మాపటికి నా వంతు. స్టార్టర్ డబ్బ అన్న ఇంటి గోడకు ఉంటది. మొన్న మాపటికి పోతె డబ్బకు తాళం ఉన్నది.

“ఏందన్నా, మోటరు కాలిందా?” అన్న.

“మోటరుకేమైంది? రాయి లెక్క ఉన్నది.”

“మరి తాళమెందుకు?”

“నువ్వు మీద కూసున్నవ్ గద. మొగులు నీకే దగ్గర. ఆడికెల్లి తెచ్చుకో నీళ్లు.”

నేను యాడ మీద కూసున్న బామ్మర్ది? గట్టు మీద గూడ కూసోలే, నిలవడే ఉన్న. నాకే సక్కగ వినవడలేదేమో అని మల్లడిగిన. గీసారి గట్టిగ చెప్పిండు, ఊరంత విన్నది.

నీ పేజీల ఏమన్న ఉన్నదా? పక్కపక్కనె అని రాసినవ్ గద? నా ఫోటో తోని గోస ఉంటె పీకెయ్. నాకు ఫోటో వద్దు, నీళ్లు కావాలె. ఎండ మీద మీదికి వస్తున్నది. మీ అక్క ఇంటి తొట్టిలకెల్లి బిందెలతోని మోసి చెట్ల మొదట్ల పోస్తున్నది. బిందె నీళ్లు పోస్తె భూమి సప్పుడు జేస్తది, గంతే. తడువదు. ఇట్లనె ఉంటె నెలాఖరుకు తోట ఉండదు.

కిష్టా హారన్ కొడుతున్నడు. వానికి పాలు ఇరుగుతయ్ అని భయం.
హన్మంత్


ఇబ్రహీంపట్నం,
8 మార్చి, శనివారం

బావకు,

ఆకాశం తెల్లగా ఉంది. షాపు ముందు నీళ్లు చల్లాను, చూస్తుండగానే ఆరిపోయాయి. నీ ఉత్తరం చదివి ఉన్నాను కనుక రెండో చెంబు చల్లలేదు.

సంగతి దొరికింది. పేజీని కంప్యూటర్‌లోనే చూశాను, ఫోన్లో చూడలేదు. కంప్యూటర్ తెర వెడల్పు కనుక మీరిద్దరూ పక్కపక్కన పడతారు. ఫోను తెర సన్నం. ఇద్దరికీ చోటు చాలక, కుడి వైపు ఉన్నది ఎడమ వైపు ఉన్నదాని కిందికి దిగిపోతుంది. నేను పెద్దరికం ఇచ్చి మల్లేశన్నను కుడి వైపు పెట్టాను. ఫోన్లలో ఆ కుడి వైపే కింద అయింది. చుట్టాలందరి ఫోన్లలో మామ కింద నువ్వు, నీ కింద మల్లేశన్న. మీద కూర్చున్నావు అన్నది అందుకే.

నీ ఫోటో తీసేయడం కుదరదు. ఒక కొడుకు లేని పిలుపు చూస్తే, వచ్చినవాళ్లు మామను మరిచి మీ పంపకాల గురించే మాట్లాడతారు.

ఇప్పుడే సరిచేశాను. ఉన్న చోటి నుంచి ఇంత పైకి, ఇంత కిందికి అని అంకె వేసి జరిపే పద్ధతి ఉంది. మల్లేశన్నను ఒక ఫోటో ఎత్తు పైకి లేపాను. నిన్ను అంతే కిందికి దించాను. నా ఫోన్లో చూశాను, ఇద్దరూ సరిగ్గా చోట్లు మారారు. రేపటికల్లా తాళం తీస్తాడు. మడులు సిద్ధం చేసుకో.

అక్కను బిందెలు మోయవద్దన్నానని చెప్పు.
పరశురాం


మంచాల,
11 మార్చి

బామ్మర్దీ,

డబ్బకు ఇప్పుడు రెండు తాళాలు ఉన్నయ్.

నిన్న పొద్దుగాల అన్న ఫోను వట్టుకోని గోడ మీదికెల్లి చూపెట్టిండు. నేను గూడ మొదటిసారి చూసిన నీ పేజీ. మంచిగ చేసినవ్, కాని అన్న బాపు నెత్తి మీద కూసున్నడు. నిజంగనే. బాపు గడ్డం, మూతి, బంతిపూలు అన్ని అన్న కింద పోయినయ్. బాపు కండ్లు రెండు అన్న నెత్తి మీదికెల్లి చూస్తున్నయ్. నేనేమో కిందికి దిగి భోజనాల మీద పడ్డ. భోజనాలు ఎన్నింటికో ఎవలకు కనవడదు. మా ఇద్దరి నడుమ ఇంత ఖాళీ జాగ.

“కన్న తండ్రి నెత్తి మీద కూసుండవెట్టిండు నన్ను నీ బామ్మర్ది!” అని అన్న మొత్తుకున్నడు. “ఊర్ల ముఖమెట్ల చూపెట్టాలె?”

బాపు చెల్లె బుగ్గమ్మ అత్త లేదా, ఆమె ఫోను గుంజుకోని దగ్గర వెట్టి చూసింది. “గీ నడుమ ఖాళీ ఎవలకురా?” అన్నది. “సచ్చినాయన బొమ్మ కింద జాగ ఇడిసిన్రంటె ఎవలనో పిలుస్తున్నట్టే” అన్నది. వదిన రుక్మాబాయి గప్పుడె లోపలికి పోయి దీపం వెట్టింది.

బొంగులూరు కెల్లి ఇంకొకాయన ఫోను చేసి, మీ ఇద్దరు ఒకని మీద ఒకడు సగం ఎక్కి ఉన్నరు, కుస్తీ వడుతున్నరా అని అడిగిండట. ఒక్కొక్క ఇంట్ల మేము ఒక్కొక్క తీరుగ ఉన్నమా బామ్మర్దీ? మా గోస బొంగులూరుల ఒకటి, మంచాలల ఒకటా?

పూత రాలుతున్నది. ఆకు మాపటికి మడుసుకుంటె పొద్దుగాల గూడ తెరుసుకుంటలేదు. ఇగ నువ్వు ఏం జరిపినా మెల్లగ జరుపు.

హన్మంత్ బావ


ఇబ్రహీంపట్నం,
13 మార్చి, గురువారం

బావకు,

నిన్నంతా ఉక్క. ఇవాళ కొంచెం గాలి. ప్రింటరు గొట్టాలు కడిగి ఆరబెట్టాను. హోలీకి చిన్న ఫ్లెక్సీలు రెండే వచ్చాయి.

ముందు జరిగింది చెబుతాను. జరపాల్సిన ఎత్తును నా ఫోనుతో కొలిచాను. మల్లేశన్న ఫోను నా దాని కన్నా సన్నం. అందులో ఫోటోలు చిన్నవవుతాయి గానీ నేను వేసిన అంకె చిన్నది కాదు. అందుకే ఆయన కావలసిన దాని కన్నా పైకి పోయి మామ మీద ఎక్కాడు, నువ్వు కావలసిన దాని కన్నా కిందికి పోయి భోజనాల మీద పడ్డావు. బొంగులూరు ఆయనది పెద్ద ఫోను. అక్కడ అంకె చాలక మీరు సగంలోనే ఆగిపోయారు. అత్త అన్న ఖాళీ ఎవరి కోసమూ కాదు. జరిపిన వస్తువు కదిలినా దాని పాత చోటు పేజీలో అలాగే ఉంటుంది. ఇది అత్తకు చెప్పవద్దు, ఇంకా భయపడుతుంది.

అంకెలన్నీ తీసేశాను. రాతలోనే మల్లేశన్నను ముందు, నిన్ను తర్వాత రాశాను. ఇప్పుడు ఏ ఫోన్లోనైనా ఆయనే పైన, నువ్వు కింద. మొదటే ఇలా చేయాల్సింది.

కానీ పని అక్కడితో ఆగలేదు. నిన్న మల్లేశన్న స్వయంగా బస్సెక్కి షాపుకు వచ్చాడు. పేజీ తెరిచి ఇచ్చాను.

“ఇప్పుడు నువ్వే మీదున్నవ్ గదన్నా” అన్నాను.

“ఉన్న. జర జరుపు.”

వేలితో పేజీని పైకి జరిపాను.

“ముందుగాల ఎవడు పోయిండు?”

“నువ్వే.”

“ఎవడు మిగిలిండు?”

తెర మీద నువ్వు ఉన్నావు.

“భోజనాల కాడికి వచ్చేసరికి వాడే ఉన్నడు, నేను లేను. తిండి వాడు వెడుతున్నట్టే గద?”

పేజీ జరిపితే పైన ఉన్నవాడే ముందు కనబడకుండా పోతాడు. ఇన్నాళ్లుగా చేస్తున్నా ఇది మర్యాదకు తక్కువని నాకు తోచలేదు.

ఎంత జరిపినా కదలకుండా తెర పై అంచుకే అంటుకుని ఉండే పద్ధతి ఒకటి ఉంది. అది చేసి చూపించాను. మామ ఫోటో పైకి పోయింది, నువ్వు పోయావు, మ్యాపు దాకా వచ్చింది. మల్లేశన్న మాత్రం అక్కడే ఉన్నాడు. ఆయన ముఖం వెలిగింది.

“గిట్లుండాలె! బాపుకు ఏసిన పూలు నాకు గూడ ఎయ్యి. మంచిగున్నయ్.”

“అన్నా, గవి...”

“ఎయ్యి తమ్మీ. పూలు తెంపనీకి చెట్టెక్కాల్నా నువ్వు?”

వేశాను.

తాళం సంగతి అడిగాను. “చుట్టాలు చూడని. ఒక్కడన్న మంచిగున్నవ్ మల్లన్నా అనని. గప్పుడు తీస్త” అన్నాడు. ఇవాళే అందరికీ మళ్లీ పంపాను. ఎవరో ఒకరు అంటారు. ఒకటి రెండు రోజులు ఓపిక పట్టు బావా.

గొట్టాలు ఆరాయి. బిగించాలి.
పరశురాం


మంచాల,
16 మార్చి, ఆదివారం

పరశురాం,

కూసోని సదువు. నిలవడి సదువకు.

పొద్దుగాల జల్‌పల్లి కెల్లి ఒక ఆటో వచ్చింది. వదిన పుట్టింటోళ్లు. దిగుడు దిగుడే ఏడుపు. వదిన తల్లి కొంగు నోట్ల వెట్టుకోని ఉరికొచ్చి వదినను వట్టుకున్నది. “ఓ బిడ్డా, నీకెంత కష్టమొచ్చె బిడ్డా” అని. వదిన ఏమనుకున్నది, తన తండ్రే పోయిండనుకున్నది. “ఓ నాయినా” అని ఈమె గూడ అందుకున్నది. ఇద్దరు ఒకరి మెడ ఒకరు వట్టుకోని ఏడుస్తున్నరు. గంతల ఆటోలకెల్లి ఆఖరుకు వదిన నాయిన మెల్లగ కాలు కింద వెట్టి దిగిండు. ఆయనను చూసి వదిన ఇంకింత గట్టిగ ఏడ్సింది.

అన్న అరుగు మీద చాయ తాగుతున్నడు. ఆయనకు గూడ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. గ్లాసు పక్కకు వెట్టి, వదిన తమ్ముడు రమాకాంత్ చేతిల పూలదండ చూసి, మెల్లగ అడిగిండు.

“ఎవలు పోయిన్రు బామ్మర్దీ?”

రమాకాంత్ దండ ఎన్కకు దాసుకున్నడు. “నువ్వే బావా.”

“నేనా? ఎప్పుడు?”

“నిన్ననో మొన్ననో. ఫోన్ల వచ్చింది.”

ఫోను తీసి చూపెట్టిండు. అన్న చూసిండు, నేను గూడ చూసిన. బాపు పైకి పోయిండు. అన్న పూలల్ల ఉన్నడు. అన్న గడ్డం కింద ‘స్వర్గస్థులైన సందర్భంగా’ అని ఉన్నది.

అన్న చాయ గ్లాసు మల్ల చేతికి తీసుకున్నడు. ఆఖరుకు, “ఫోటో మంచిగున్నదా?” అన్నడు. వదిన తల్లి ముక్కు తుడుసుకోని, “మస్తుగున్నది అల్లుడా, గందుకె ఇంకింత ఏడుపొచ్చింది” అన్నది.

సరె, సచ్చిపోలేదు గద, ఇగ పోతమని వాళ్లు ఆటో ఎక్కబోయిన్రు. బుగ్గమ్మ అత్త అడ్డం నిలవడ్డది. “సావు అని ఏడ్సి కాళ్లు కడుక్కోకుంట ఎట్ల పోతరు?”

“సావు కాలేదు గద అత్తా” అన్నడు అన్న.

“నువ్వు సావకుంటె సావకు. వీళ్లు ఏడ్సిన్రా లేదా?”

ఏడ్సిన్రు. గది నిజమే. ఆటో డ్రైవర్ గూడ ఒప్పుకోలే. నీళ్లు పోసుకోకుంట నా బండి ఎక్కొద్దు, నాకు పిల్లలున్నరు అన్నడు. అన్న ఇంటి డ్రమ్ము నీళ్లు వాళ్లకే అయిపోయినయ్. గింతల బొంగులూరు కెల్లి ఒక జీపు వచ్చింది. దాని ఎన్క మూడు బండ్లు. వచ్చినోళ్లు వచ్చినట్టు ఏడుస్తున్నరు, అన్నను చూస్తున్నరు, జర సిగ్గువడుతున్నరు, నీళ్లేవి అని అడుగుతున్నరు. ఆదివారం, పంచాయతి నల్ల రాదు. మా తొట్టి ఖాళీ, మీ అక్క ఎప్పుడో చెట్లకు మోసింది.

అన్న గోడ దిక్కు చూసిండు, జనం దిక్కు చూసిండు. మొలతాడుకెల్లి తాళం చెవులు తీసిండు. రెండు తాళాలు తీసి మోటరు ఏసిండు.

నా దిక్కు వాల్వు నేను గా రోజు కెల్లి మూయనే లేదు బామ్మర్దీ. ఎప్పుడన్న నడుస్తదేమో అని తెరిచే ఉంచిన. వాకిట్ల జల్‌పల్లోళ్లు, బొంగులూరోళ్లు వరుసగ కాళ్లు కడుక్కున్నరు. ఇంటెన్క నా టమాట గూడ కడుక్కున్నది. మాపటి దాక నడిసింది. నేను మడుల నిలవడి ఎవలు పోయినా రాండ్రి రాండ్రి అనుకున్న. పాపం తగులుతదా?

మాపటికి అన్న తాళాలు తీసుకోని పోయిండు. బుగ్గమ్మ అత్త అరుగు మీదికెల్లి అన్నది, “సావు నీళ్లకు తీసిన తాళం, సంవత్సరీకం అయ్యేదాక మల్ల ఎయ్యొద్దురా.”

“గిదెక్కడి రీతి అత్తా?”

“మీ తాతల కెల్లి ఉన్నది. నీకేమెరుక.”

నేనయితె పుట్టినసంది వినలే. నోరు మూసుకున్న. వచ్చె ఆదివారం దాక నీళ్లున్నయ్. తర్వాత సంగతి నీ చేతుల ఉన్నది. అన్నకు నచ్చినట్టు పేజీ చెయ్యకుంటె సోమవారం మల్ల తాళమే.

అన్న ఇప్పుడు అరుగు మీద కూసుంటలేడు. ఎవలన్న చూస్తె ఏడుస్తరని.

హన్మంత్


ఇబ్రహీంపట్నం,
18 మార్చి, మంగళవారం

బావకు,

మబ్బు పట్టి చినుకు రాకుండానే పోయింది. పాత ఫ్లెక్సీ గుడ్డలు చుట్ట చుట్టి అటక మీద వేశాను.

నీ ఉత్తరం అందగానే పేజీ నుంచి పూలు తీసేశాను. మల్లేశన్న తెరకు అంటుకుని ఉంటే అక్షరాలు ఆయన వెనక నుంచి పోతాయి. ‘మా తండ్రి ఎంకయ్య గారు’ అన్న వరుస ఆయన ఫోటో వెనక దాగుతుంది, కింది వరుస మాత్రం బయట ఉంటుంది. పేజీ అబద్ధం చెప్పలేదు. చెప్పిన దాని మీద మనిషి నిలబడ్డాడు.

నిన్న ఆయన మళ్లీ వచ్చాడు. బస్సులో మంచాల మనుషులు లేచి సీటిచ్చారట. దానికీ కోపమే.

“నన్ను కింద వెట్టు” అన్నాడు.

“హన్మంత్ బావ కిందనా?”

“అందరి కింద. భోజనాల కింద. మ్యాపు కింద. బాపుకు ఎంత దూరముంటె గంత మంచిది.”

పెట్టాను. ఇప్పుడు మామ ఫోటో కింద నువ్వొక్కడివే ఉన్నావు. నీకు ఇష్టమేనా? పెద్దవాడి చోటు నీకు వచ్చింది కనుక అడుగుతున్నాను.

పరశురాం


మంచాల,
19 మార్చి

ఏం ఇష్టం బామ్మర్దీ?

బుగ్గమ్మ అత్తకు ఎవలో చూపెట్టిన్రు. పొద్దుగాల వచ్చి నా చెయ్యి వట్టి నాడి చూసింది. “తింటున్నవా బిడ్డా?” అన్నది. మీ అక్క గప్పటికెల్లి నన్ను మోటరు దగ్గరికి పోనిస్తలేదు, కరెంటని. బాపు కింద నేనొక్కన్నే వద్దు. నన్ను గూడ అడుగుకు తోసెయ్.

అన్న సోమవారం కోసమే చూస్తున్నడు. తాళాలు రెండు కిరసనాయిల్ల నానవెట్టి తుడిసి కిటికీల ఆరవెట్టిండు. కొత్త పూత వచ్చింది. ఇప్పుడు ఆగితె ఇగ రాదు. జల్ది జెయ్యి.

హన్మంత్


ఇబ్రహీంపట్నం,
20 మార్చి, గురువారం

బావకు,

ఎండ. కూలర్‌లో గడ్డి మార్చాను.

ఇద్దరినీ అట్టడుగు అంచుకు కట్టాను. ఇద్దరూ ఒకే చోట, ఒకరి మీద ఒకరు పడ్డారు. రాతలో తర్వాత ఉన్నవాడు మీదికి వస్తాడు. అంటే నువ్వు. మల్లేశన్నది ఒక చెవి మాత్రం నీ భుజం పక్క నుంచి కనబడుతోంది. ఆయనకు చూపించక ముందే ఎవరో ఫోన్లో చూపించారు. షాపుకు ఫోన్ చేసి, “భూమిల పాతినా వాడే నా మీద” అని పెట్టేశాడు.

రెండు ఫోటోలు ఉన్నంత కాలం ఏదో ఒక ఫోను ఒకటి పైన, ఒకటి కింద వేస్తుంది. అందుకని రేపు సాయంత్రం కెమెరా తీసుకుని వస్తాను. ఇద్దరూ ఒకే ఫోటోలో నిలబడండి. ఒకే బొమ్మను ఏ ఫోనూ విడదీయలేదు. మల్లేశన్నకు చెప్పాను. “వాని పక్కకా?” అన్నాడు. రాననలేదు.

తెల్ల అంగీ వేసుకో. కిష్టా తొందరపెడుతున్నాడు.
పరశురాం


ఇబ్రహీంపట్నం,
22 మార్చి, శనివారం

బావకు,

పొద్దున కాస్త చల్లగా ఉంది. చేసిన పని తర్వాత రాస్తాను. ముందు నిన్నటిది.

నీకు వినబడనివి కొన్ని ఉన్నాయి కనుక రాస్తున్నాను. ఇంటి గోడ ముందు తీద్దామంటే మల్లేశన్న ఒప్పుకోలేదు. తాళం లేని స్టార్టర్ డబ్బా ఫోటోలో పడుతుందని. అందుకే నీ టమాటా తోటలోకి వచ్చాం. మోటరు నడుస్తోంది, కాలువ నిండుగా పోతోంది. మిమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి చూస్తే నువ్వు అర జానెడు పొడుగు. ఆయన వెళ్లి ఒక సిమెంటు ఇటుక తెచ్చి, వేసుకుని ఎక్కాడు. ఇప్పుడు ఆయన నీ కన్నా పైన ఉన్నాడు. సరేనని కెమెరా పట్టాను.

నేల బాగా తడిసి ఉంది. ఇటుక దిగడం మొదలైంది.

“కదలకన్నా” అన్నాను.

“నేను కదుల్తలేను. ఇటుక కదుల్తున్నది.”

మొదటి ఫోటోలో ఆయనే పైన. రెండో దాంట్లో ఇద్దరూ సమానం కావాలి. మూడో దాంట్లో నువ్వు పైకి రావాలి. నేను కెమెరాలోంచి చూస్తూ, అయిపోయింది, సోమవారం తాళమే అనుకున్నాను. కానీ రెండో దాంట్లో ఆయనే పైన ఉన్నాడు. మూడో దాంట్లోనూ ఆయనే. ఏమిటని కెమెరా దించి చూశాను. నువ్వు ముందుకే చూస్తూ, ముఖం మార్చకుండా మోకాళ్లు వంచుతున్నావు. ఇటుక దిగిన కొద్దీ నువ్వూ దిగుతున్నావు. ఆఖరి ఫోటోకు నీ పంచె అంచు నీళ్లలో ఉంది, నీ తొడలు వణుకుతున్నాయి.

అక్క గట్టు మీద నిలబడి చూసింది. నేనూ చూశాను. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

మల్లేశన్న కెమెరాలో ఫోటో చూసుకున్నాడు. పెద్దగా చేయించి మళ్లీ చూసుకున్నాడు. “ఆఁ, గిట్ల” అన్నాడు. బురదలో ఇటుకను వదిలేసి, చెప్పులు చేత పట్టుకుని ఇంటి వైపు నడుస్తూ, వెనక్కి తిరగకుండా ఒక మాట అన్నాడు. నువ్వు వినలేదు, అప్పటికి నిలబడలేక మడి పక్కన కూర్చుని మోకాళ్లు పిసుక్కుంటున్నావు. “సోమవారం కెల్లి మాపటి నీళ్లు వానివే గద” అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. అక్క విన్నది.

ఫోటోను పేజీలో పెట్టాను. మామ కింద, మధ్యలో, ఒక్కటే బొమ్మ. సన్నం ఫోన్లో, పెద్ద ఫోన్లో, కంప్యూటర్‌లో అన్నిట్లో చూశాను. ఎక్కడా కదలడం లేదు. మోకాళ్ల పైకి కత్తిరించాను.

రేపు భోజనాల వేళకు వస్తాను. అక్కను కాళ్లకు కాపడం పెట్టమన్నానని చెప్పు. నీ అంతట నువ్వు అడగవు.

ఇవాళ్టి పని: పేజీ అందరికీ పంపాను. నిన్నటి చెప్పుల బురద గోడకు కొట్టి దులిపాను. జెరాక్సు మిషన్‌లో కాగితం నింపాను. షాపు వెనక కుళాయి కారుతుంటే వాషరు తెచ్చి, పాతది విప్పి కొత్తది బిగించాను.
పరశురాం